ఎర్ర లైను వచ్చేదాకా

రెండు వేల ఇరవై మూడు, జూన్ నెల మూడో వారం. సముద్రంలో వేట నిషేధం అప్పుడే ముగిసింది. ఎండలు మాత్రం ముగియలేదు. తెనాలి మార్కెట్ వెనక ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు నాది. నేను సాఫ్ట్‌వేర్ రాస్తాను. ఈ మాట చెప్పగానే మా చుట్టాలు హైదరాబాదులోనా, బెంగుళూరులోనా అని అడుగుతారు. తెనాలిలోనే అంటే నాకేదో జబ్బు చేసినట్టు చూస్తారు. ఇక్కడి రైస్ మిల్లులు, చీరాల బట్టల దుకాణాలు, రెండు కాలేజీలు, ఒక ల్యాబ్ నా చేత పని చేయించుకుంటాయి. ఇది ఆ ల్యాబ్ సంగతి. దాని పేరు రాయను. మర్యాద కోసం కాదు, రాస్తే నా కోపం ఇంకో రెండు పేజీలు పెరుగుతుంది.

రక్త పరీక్షల ల్యాబ్ అది. పెద్దది తెనాలిలో, శాఖలు బాపట్లలో, రేపల్లెలో. మూడు ఊళ్లకూ కలిపి ఒకటే సర్వర్, తెనాలిలో ఉంటుంది. పరీక్ష ఫలితం అందులోకి ఎక్కుతుంది, ఎక్కడివాళ్లు అక్కడ తెరిచి రిపోర్టు ప్రింట్ తీసుకుంటారు. ఏదైనా అంకె ప్రమాదకరంగా ఉంటే రిపోర్టు పైన ఎర్రటి అక్షరాలతో ఒక లైను వస్తుంది: 'వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.' ఏ అంకె దాటితే ఆ లైను రావాలో చెప్పే ప్రోగ్రాం ముక్కను మేము మాడ్యూల్ అంటాం. రిపోర్టు తెరిచిన ప్రతిసారీ ఈ మాడ్యూల్ అప్పటికప్పుడు చూసి, లైను వేయాలో వద్దో తేలుస్తుంది. రిపోర్టు చేతికిచ్చేవాళ్లు ఆ లైను చూసి ఫోన్ చేస్తారు. లేకపోతే చేయరు. అంతవరకే వాళ్లకి నేర్పాం.

బాపట్లలో కిడ్నీ డాక్టరు గారు ఒకరున్నారు. ఆ నెల ఆయన ల్యాబ్‌కి ఉత్తరం రాశారు. పొటాషియం ఆరున్నర దాటేదాకా ఆగొద్దు, ఆరు దాటగానే నాకు ఫోన్ రావాలి అని. కిడ్నీలు సరిగా లేనివాళ్లకి పొటాషియం ఏ బాధా తెలియకుండానే పెరిగి గుండె లయ తప్పిస్తుందట. ఆయన అడిగింది న్యాయం. నేను మార్చాల్సింది ఒకే ఒక అంకె.

అంకె మార్చడానికి అర నిమిషం పట్టింది. దాన్ని నడుస్తున్న సర్వర్‌లోకి ఎక్కించడమే అసలు పని. నడుస్తున్న ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒకసారి చదువుకున్నదాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మనం కింద ఫైలు మార్చినా దానికి తెలియదు. సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడితే, అంటే రీస్టార్ట్ చేస్తే, అంతా కొత్తగా చదువుకుంటుంది. దానికి నిమిషం కూడా పట్టదు. కానీ ఆ నిమిషం ఇవ్వడానికి మేనేజరు శేషగిరి గారు ఒప్పుకోరు. అంతకుముందు ఏడాది ఒకసారి ఆపితే నన్ను పిలిపించి మరీ చెప్పారు.

"మేడం, బోర్డు మీద 'నిరంతర సేవ' అని రాయించామండి. జనం క్యూలో ఉండగా తెర మీద తెల్ల కాగితం వస్తే పరువేం కావాలి? ఆపకుండా మార్చే దారి చూడండి."

దారి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

పోస్టాఫీసులో నాలుగు కౌంటర్లు ఉన్నాయనుకోండి. నాలుగింటి వెనకా నలుగురు గుమాస్తాలు. వచ్చిన మనిషి ఖాళీగా ఉన్న గుమాస్తా దగ్గరికి వెళతాడు. మా సర్వర్‌లో అలాంటివి నాలుగు ఉంటాయి, వాటిని వర్కర్లు అంటాం. ఉదయం వచ్చేటప్పుడు నలుగురూ రూల్సు పుస్తకం చదువుకుని కూర్చుంటారు. మధ్యలో రూలు మారితే కుర్చీలోంచి లేపకుండానే కొత్త పేజీ చదివించడాన్ని రీలోడ్ అంటారు. దానికోసం నాకు మాత్రమే తెలిసిన ఒక లింక్ తయారుచేసుకున్నాను. అది నొక్కితే రీలోడ్ అవుతుంది. చిక్కేమిటంటే ఒక నొక్కుకి ఒక్క గుమాస్తానే చదువుతాడు, ఎవరు చదివారో పైకి తెలియదు. అందుకని పదిసార్లు నొక్కేదాన్ని. పదిసార్లు నొక్కితే నలుగురికీ ఒక్కసారైనా తగలకపోతుందా అని నా ధీమా. ఏడాది పాటు తగిలింది కూడా. తగలకపోతే ఎలా అని నేను ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన చదువు చదివానని గోడకి పట్టా మాత్రం వేలాడదీసుకున్నాను.

అంకె మార్చిన ఆ మంగళవారం కూడా పదిసార్లు నొక్కాను. ఒక రిపోర్టు తెరిచి చూశాను. ఎర్ర లైను వచ్చింది. కాఫీకి వెళ్లాను.

సరిగ్గా వారానికి శేషగిరి గారి నుంచి ఫోను. రేపల్లెలో రూతమ్మ అని టెక్నీషియన్ ఉంది, రిపోర్టులు తారుమారు చేస్తోంది అన్నారు. అడవులదీవి నుంచి పోలయ్య అని పడవ మీద పనిచేసే మనిషి వచ్చాడట. పొటాషియం ఆరు పాయింట్ రెండు. రేపల్లెలో ఇచ్చిన కాగితం మీద ఎర్ర లైను లేదు. డాక్టరుకి ఫోనూ వెళ్లలేదు. పోలయ్యని బాపట్ల తీసుకెళితే డాక్టరు గారు ఆ కాగితం చూసి ల్యాబ్ మీద మండిపడ్డారట.

"ఇక్కడ నా కంప్యూటర్‌లో అదే రిపోర్టు తెరిస్తే లైను ఉంది మేడం. ఆమె కాగితంలో లేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదండీ. పాత కాపీ ఏదో ప్రింట్ తీసి అంటగట్టింది. మెమో ఇచ్చాం. మీరు సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదని ఒక లెటర్ ఇచ్చేయండి, పని అయిపోద్ది."

కంప్యూటర్ అబద్ధం చెప్పదనే మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట అడ్డం పెట్టుకుని ఎందరి నోళ్లు మూయించారో లెక్కలేదు. ఆ రోజు నేనూ ఆ మాటనే నమ్మాను. నా సీట్లో కూర్చుని ఆ రిపోర్టు మూడుసార్లు తెరిచాను. మూడుసార్లూ లైను వచ్చింది. లెటర్‌హెడ్ తీసి 'మా సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదని ధ్రువీకరిస్తున్నాము' అని రాసి, స్టాంపు కొట్టి, సంతకం పెట్టి పంపాను. ఆ స్టాంపు ముచ్చటపడి చేయించుకున్నది. మొత్తం పది నిమిషాల పని. అవతల ఒక మనిషి ఉందని, ఆమెను ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

గురువారం ఉదయం ఫోను మోగింది.

"మేడం, నేను రేపల్లె రూతునండి. మీ లెటర్ కాపీ నా చేతికిచ్చారు."

గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. నేనే తడబడ్డాను. చెప్పండమ్మా అన్నాను.

"శనివారం లోపల నా నిర్లక్ష్యం వల్ల జరిగిందని సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే సోమవారం నుంచి రావద్దన్నారు. రిపోర్టులు మార్చిందని పేరు పడితే నన్ను ఏ ల్యాబ్‌లోనూ గుమ్మం ఎక్కనివ్వరండి. మీరు విషయం తెలిసినవాళ్లు. ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చోండి. కూర్చుని చూసి అప్పుడు కూడా ఇదే రాస్తే, నేను సంతకం పెట్టేస్తాను."

మర్నాడు పొద్దున రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. దారంతా నాకు చిరాకు. ఒక టెక్నీషియన్ తన తప్పు ఒప్పుకోలేక నన్ను రైలెక్కించిందని లోపల గొణుక్కున్నాను. అదీ నేను.

రూతమ్మ గారికి యాభై దాటి ఉంటాయి. తెల్ల కోటు కింద నేత చీర, చెవులకి చిన్న పోగులు. పద్నాలుగేళ్లుగా ఆ ఊళ్లో రక్తం తీస్తున్నారు. లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ అట, గోడ క్యాలెండర్ మీద కూటాల తేదీలు రాసుకుని ఉన్నాయి. నేను వెళ్లేసరికి బెంచీ మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పోలయ్య భార్య నాగమణి. రెండోసారి పరీక్షకి భర్తను తీసుకొచ్చింది. అతను లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. ఏం జరిగిందో ఆవిడనే అడిగాను.

"ఏం జరిగిద్దండీ. నిషేధం అయిపోయింది, తెల్లారితే పడవెక్కాలి. కాగితం తీసుకుని ఇంటికి పోదామని మా ఆయన తొందర. ఈ అక్కేమో మమ్మల్ని ఆపి, తెనాలికి ఫోన్ చేసి అడిగింది. వాళ్లు అక్కర్లేదన్నారంట. అయినా మమ్మల్ని వదల్లేదండి. అంకె నాకు నచ్చలా, ఇవాళే బాపట్ల వెళ్లండి అని బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది. డాక్టరు గారు చూసి, ఈ మనిషి పడవెక్కి ఉంటే ఒడ్డుకి వచ్చేవాడు కాదన్నారు."

నేను రూతమ్మ గారి వైపు చూశాను.

"ఆరు దాటితే లైను రావాలని కొత్త రూలు వచ్చింది కదండీ," అన్నారావిడ. "అంకె ఉంది, లైను లేదు. తెనాలికి ఫోన్ చేసి అడిగాను. లైను లేకపోతే డాక్టరుకి ఫోన్ అక్కర్లేదు, కంప్యూటర్ చూసుకుంటది అన్నారు. నాకు మనసొప్పలేదు. నేనే బస్సెక్కించాను."

అంటే ఆవిడ పంపబట్టే డాక్టరు ఆ కాగితం చూశారు. చూడబట్టే ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు వచ్చింది కాబట్టి ఆవిడకి మెమో వచ్చింది. నోరు మూసుకుని కాగితం ఇచ్చి పంపేసి ఉంటే మెమో ఉండేది కాదు, పోలయ్యా ఉండేవాడు కాదు. ఇది అర్థమయ్యేసరికి నా చేతిలోని నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పోలయ్య రిపోర్టు తెరిచారు. ఎర్ర లైను ఉంది. మూసి మళ్లీ తెరిచారు. ఉంది. మూడోసారీ ఉంది. నేను ఏదో అనబోయాను.

"ఉండండి మేడం," అన్నారు.

ఐదోసారి లైను లేదు.

అదే మనిషి, అదే అంకె, అదే రిపోర్టు. పైన ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఆవిడ నన్ను చూడలేదు, తెర వైపే చూస్తున్నారు. మళ్లీ తెరిచారు. లైను వచ్చేసింది. నాలుగు కౌంటర్లలో ఒక గుమాస్తా పాత రూలుతోనే కూర్చున్నాడు. వాడి కౌంటర్‌కి వెళ్లినవాళ్లందరికీ పాత సమాధానమే దొరుకుతోంది.

నా ల్యాప్‌టాప్ తీసి లాగ్ చూశాను. సర్వర్ ఏ పని ఎప్పుడు చేసిందో తనకు తానే రాసుకునే దినచర్య అది. ముందటి వారం మంగళవారం నా పది నొక్కులూ వరసగా ఉన్నాయి. పదీ ముగ్గురు వర్కర్లకే తగిలాయి. నాలుగోది ఆ సమయంలో శేషగిరి గారు అడిగిన నెలవారీ నివేదిక తయారుచేస్తూ తీరిక లేకుండా ఉంది. పోలయ్య కాగితం ప్రింటయింది ఆ నాలుగో వర్కర్ నుంచే. ఇదంతా నేను లెటర్ రాసిన రోజు కూడా ఆ లాగ్‌లో ఉంది. నేను చూడలేదు, అంతే.

"మిగతా చోట్ల ఎవరికీ ఇలా రాలేదా?" అని అడిగాను.

రూతమ్మ గారు బాపట్ల నంబరు కలిపి ఫోను నాకిచ్చారు. అక్కడి టెక్నీషియన్ హుషారైన మనిషి. లైను విషయం అడగ్గానే దాపరికం లేకుండా చెప్పేశాడు.

"ఆ, తెలుసండి. ఆరు దాటినా ఒక్కోసారి రాదండి. మళ్లీ నొక్కుతాం. రెండోసారో మూడోసారో వచ్చేసిద్ది. వచ్చినప్పుడు ప్రింట్ తీస్తాం."

"ఎన్నాళ్ల నుంచి?"

"రూలు మారిన కాడ నుంచీ అండి. తెనాలిలో కూడా అంతేనండి, వచ్చేదాకా నొక్కుతారు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే మన మీదకే వచ్చిద్దండి," అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది. చెప్పినావిడ మీదకే వచ్చింది కదా.

ఫోను పెట్టేసి రూతమ్మ గారిని అడిగాను, మీరెందుకు నొక్కలేదు అని. నిజానికి అలా నొక్కి ఉంటే ఆవిడకి ఏ బాధా ఉండేది కాదు.

"ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంటే, నాకు కావాల్సింది వచ్చేదాకా నొక్కి తీసుకుంటే అది రిపోర్టు ఎలా అవుద్దండీ? రేపు అంకే అలా వస్తే? అంకెని కూడా నచ్చేదాకా నొక్కుతామా?"

వాళ్లు లైను వచ్చేదాకా నొక్కారని కోపం తెచ్చుకునే అర్హత నాకెక్కడిది? లింక్ పదిసార్లు నొక్కి, తగిలిందిలే అనుకుని కాఫీకి వెళ్లినదాన్ని నేను. మూడూళ్లలో నొక్కడం మొదలుపెట్టింది నేనే. నొక్కనిది ఈవిడ ఒక్కరే, మెమో ఈవిడ ఒక్కరికే.

అక్కడే, పదకొండున్నరకి, క్యూలో జనం ఉండగానే, ఎవరినీ అడక్కుండా సర్వర్ ఆపేసి రీస్టార్ట్ చేశాను. నిమిషం లోపే లేచింది. రూతమ్మ గారు పోలయ్య రిపోర్టు ఇరవైసార్లు తెరిచి చూశారు. ఇరవైసార్లూ లైను వచ్చింది. ఈలోగా శేషగిరి గారి ఫోను.

"సర్వర్ ఆగిందేంటి మేడం?"

"నేనే ఆపానండి."

"ఎవరినడిగి ఆపారు?"

"అడిగితే మీరు ఆపనివ్వరని అడగలేదు. సాయంత్రం వస్తున్నాను, ఉండండి."

సాయంత్రం ఆయన గదిలో లాగ్ ప్రింట్ బల్ల మీద పరిచి అంతా చెప్పాను. తప్పు నాది, ఆమెది కాదు అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నారు, మధ్యలో టీ తెప్పించారు. నాకప్పుడు ఆశ కూడా కలిగింది.

"సరే మేడం, దిద్దేశారుగా. ఇంకేంటి సమస్య?" అన్నారు చివరికి. "మనిషి పొరపాటని డాక్టరు గారికి చెప్పేశాం. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అని మాట మారిస్తే మూడూళ్ల రిపోర్టులూ అనుమానిస్తారు. ఆమె ఒక్క సంతకం పెడితే అందరికీ బాగుంటది. పనిలోంచి తీసెయ్యనులెండి, నేను మాటిస్తున్నా."

నా ఇరవై ఏళ్ల పనిలో చాలామంది మీద కోపం వచ్చింది. అంత కోపం ఎప్పుడూ రాలేదు. ప్రాణం కాపాడిన మనిషిని, నేను చేసిన తప్పుకి, నేను రాసిన కాగితం చూపించి, నిర్లక్ష్యం చేశానని ఒప్పుకోమంటున్నారు. అదీ దయ చూపిస్తున్నట్టు. పైగా నాకు సాయం చేస్తున్నట్టు.

"అనుమానించాలి కదండీ," అన్నాను. "పది రోజులు నాలుగింట ఒక వంతు రిపోర్టులు పాత రూలుతో పోయాయి. ఎవరికి లైను రాకుండా పోయిందో వెతికి ఫోన్లు చేయాలి. అది మీరు చేస్తారా, నేను చేయనా?"

ఆ పని నేనే చేశాను, ఆయన గదిలోనే కూర్చుని. పోలయ్య కాక ఇంకో ఇద్దరు తేలారు, రద్దీలో ఎవరూ మళ్లీ నొక్కి చూడనివాళ్లు. ఒకాయన అప్పటికే డాక్టరు దగ్గర ఉన్నాడు. రెండోది కాకుమానులో ఒక పెద్దావిడ. కొడుకు ఫోనెత్తాడు. అమ్మకి రెండు రోజులుగా నీరసంగా ఉంది, ఎండ దెబ్బేమో అనుకున్నాం అన్నాడు. ఎండ కాదు బాబూ, ఇప్పుడే బయల్దేరండి అన్నాను. ఆవిడ బతికింది.

శనివారం పొద్దున్నే రెండో లెటర్ రాశాను. లోపం సాఫ్ట్‌వేర్‌ది, కారణం నేను రీలోడ్ చేసిన పద్ధతి, రూతమ్మ గారి తప్పు ఏమాత్రం లేదు, నా మొదటి లెటర్ పరిశీలించకుండా రాసింది అని. అదే స్టాంపు, అదే సంతకం. ఒకటి శేషగిరి గారికి, ఒకటి రేపల్లెకి పంపి, మూడోది పట్టుకుని బాపట్ల వెళ్లాను. డాక్టరు గారు రెండుసార్లు చదివారు.

"మొదటిది ఎందుకు రాశావమ్మా?"

"చూడకుండా రాశానండి."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా ముందే తెనాలికి ఫోన్ చేశారు. సాయంత్రానికి రూతమ్మ గారికి కబురు వెళ్లింది, మెమో లేదనుకోండి అని. నోటిమాటే. ఇచ్చేటప్పుడు కాగితం మీద ఇచ్చి, తీసుకునేటప్పుడు ఫోన్‌లో తీసుకున్నారు. పొరపాటైంది అన్న ముక్క ఎవరి నోటా రాలేదు. తర్వాతి నెల ఆ ల్యాబ్ ఇంకొకరిని పెట్టుకుంటామని నాతో అంది. పెట్టుకోండి, వాళ్లనైనా సర్వర్ ఒక్క నిమిషం ఆపనివ్వండి అని చెప్పి వచ్చాను.

అప్పటి నుంచి నా దగ్గర ఏ సర్వర్‌లో మార్పు ఎక్కించాలన్నా పట్టపగలు, ముందే అందరికీ చెప్పి, ఆపి, రీస్టార్ట్ చేస్తాను. నలుగురు వర్కర్లనీ పేరుపేరునా అడిగి చూసుకుంటాను. ఆ రహస్య లింక్ తీసేశాను. నిమిషం ఆగడానికి ఒప్పుకోని చోట పని ఒప్పుకోను. ఈ కేసు నేర్పింది ఇదే అనుకుని ముగించేద్దును గానీ, అసలు పాఠం ఆ పని వదిలేముందు చివరిసారి రేపల్లె వెళ్లినప్పుడు అయింది.

క్షమించమని అడగడానికి వెళ్లాను. రూతమ్మ గారు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చారు. పోలయ్య మందులు వేసుకుంటున్నాడని, ఈ ఏడు పడవ ఎక్కనని ఒప్పుకున్నాడని చెప్పారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆవిడ తల ఊపి, సొరుగు లాగి, నా లెటర్లు రెండూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టారు. లోపం లేదన్నది ఒకటి, లోపం నాదే అన్నది ఇంకొకటి.

"రెండూ మీ సంతకమేనండి," అన్నారు నెమ్మదిగా. "మొదటిది వచ్చినప్పుడు మళ్లీ అడిగాను కాబట్టి రెండోది వచ్చింది. అడగడం తెలియనోళ్లకి మొదటిదే కదండీ మిగిలేది."

ఆవిడ ఆ మాట కోపంతో అనలేదు. మజ్జిగ ఇంకాస్త పోయనా అని అడిగారు. ఆ రెండు కాగితాలూ అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బల్ల ఎదురుగా, పట్టా తీసేసిన మేకుకి రెండూ కలిపి వేలాడుతున్నాయి.